ఎం.ఫార్మసీలో మన అడవి: చదువుతున్న, చదవబోయే మనోళ్లకు

(ఆదివాసీ దినోత్సవం సందర్భంగా ఏజెన్సీ ఫార్మసీ, డిగ్రీ విద్యార్థుల సమావేశంలో మాట్లాడింది. ఆ రోజు రాలేకపోయిన మీ కోసం కొంచెం సరిచేసి ఇక్కడ పెడుతున్నాను.)

ఎం.ఫార్మసీ ఫార్మకాగ్నసీ రెండో సెమిస్టర్‌లో అడ్వాన్స్‌డ్ ఫార్మకాగ్నసీ-2 అని ఒక పేపరు ఉంటుంది. అందులో ఒక యూనిట్ పేరు ఎత్నోబోటనీ, ఎత్నోఫార్మకాలజీ. అంటే జనం, ముఖ్యంగా మనలాంటి జనం, ఏ మొక్కను ఏ రోగానికి వాడతారో తెలుసుకుని అక్కడి నుంచి మందు ఎలా తయారు చెయ్యాలన్న చదువు. అదే యూనిట్‌లో ఇంకో మాట ఉంటుంది, రివర్స్ ఫార్మకాలజీ. మామూలుగా మందు ల్యాబ్‌లో పుట్టి, జంతువుల మీద పరీక్ష అయి, చివరికి మనిషి దగ్గరికి వస్తుంది. ఇందులో తిరగేసి చేస్తారు. మనుషులు తరతరాలుగా వాడుతున్న దాన్ని తీసుకుని ల్యాబ్‌కు వెళ్తారు. ఆ మనుషులు ఎవరు? మీ తాత, మా అవ్వ, గూడెంలో మందులిచ్చే వడ్డె.

ఆ యూనిట్‌కు పరీక్షలో మార్కులు ఉంటాయి. వడ్డెకు ఏముంటుంది అన్న ప్రశ్న మాత్రం ప్రశ్నపత్రంలో రాదు. ఈ రోజు నేను మాట్లాడేది ఆ ప్రశ్న గురించే. అయితే చదువు ఎలా ఉంటుందో తెలియకుండా ఆ ప్రశ్న అర్థం కాదు కాబట్టి ముందు చదువు సంగతి చెప్తాను. బి.ఫార్మసీ అయిపోయి "ఇక చాలు, మెడికల్ షాపు పెట్టుకుంటా" అంటున్న వాళ్లు కొంచెం ఎక్కువ శ్రద్ధగా వినండి.

ఎం.ఫార్మసీ రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు. సిలబస్ దేశమంతా ఒకటే, ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పెట్టింది. డిగ్రీ రావాలంటే కనీసం 95 క్రెడిట్లు కావాలి. మొదటి ఏడాది క్లాసులు, ల్యాబులు. ఒక్కో సెమిస్టర్‌లో నాలుగు థియరీ పేపర్లు, ఒక ప్రాక్టికల్, ఒక సెమినార్. వారానికి 35 గంటలు. హాజరు 80 శాతం ఉండాలి. ఇది చిన్న విషయం కాదు. గూడెంలో పండగకో, కోతలకో పది రోజులు ఆగిపోతే సెమిస్టర్ ఇబ్బందిలో పడుతుంది. ఇంట్లో వాళ్లకు ముందే చెప్పి పెట్టుకోండి. రెండో ఏడాది దాదాపు అంతా పరిశోధనే. మూడో సెమిస్టర్‌లో రీసెర్చ్ మెథడాలజీ, బయోస్టాటిస్టిక్స్ అని ఒక్క థియరీ పేపరు, మిగిలినదంతా మీ థీసిస్ పని.

బ్రాంచీలు చాలా ఉన్నాయి. ఫార్మాస్యూటిక్స్, ఫార్మాస్యూటికల్ కెమిస్ట్రీ, అనాలిసిస్, క్వాలిటీ అస్యూరెన్స్, రెగ్యులేటరీ అఫైర్స్, బయోటెక్నాలజీ, ఫార్మసీ ప్రాక్టీస్, ఫార్మకాలజీ, ఫార్మకాగ్నసీ, ఇంకా ఇండస్ట్రియల్ ఫార్మసీ. మనోళ్లు ఎక్కువమంది ఫార్మాస్యూటిక్స్, అనాలిసిస్ వైపే వెళ్తారు. ఎందుకంటే హైదరాబాద్ చుట్టూ, విశాఖ దగ్గర కంపెనీలు ఉన్నాయి, ఉద్యోగం తొందరగా వస్తుందని. తప్పు లేదు. అప్పు తీర్చాల్సిన ఇల్లు ఉన్నప్పుడు ఎవరైనా అదే చేస్తారు. బ్రాంచీ గురించి నా మాట మాత్రం వేరు, చివర్లో చెప్తాను.

మొదటి సెమిస్టర్‌లో ఎక్కువ బ్రాంచీలకు ఉమ్మడిగా ఉండే పేపరు మోడ్రన్ ఫార్మాస్యూటికల్ అనలిటికల్ టెక్నిక్స్. యూవీ, ఐఆర్, ఎన్ఎంఆర్, మాస్ స్పెక్ట్రోస్కోపీ, హెచ్‌పీఎల్‌సీ, ఎలక్ట్రోఫోరెసిస్, ఎక్స్‌రే క్రిస్టలోగ్రఫీ, అన్నీ అందులోనే. ఆశ్రమ పాఠశాలలో, గురుకులంలో చదివి వచ్చిన వాళ్లం ఈ పేరు చూడగానే భయపడతాం. ఇంగ్లీషు భయం ఒకటి, మిషన్ భయం ఒకటి. కొన్ని కాలేజీల్లో ఎన్ఎంఆర్ మిషన్ కళ్లకు కూడా కనపడదు, శాంపిల్ బయటికి పంపిస్తారు, వచ్చిన గీతల కాగితాన్ని చదవడమే మన పని. కానీ ఇందులో ఉన్న ఆలోచన మనకు కొత్తది కాదు. ఒక ఆకును మెథనాల్‌లో నానబెట్టి తీసిన రసంలో వందల పదార్థాలు కలిసి ఉంటాయి. వాటిని విడదియ్యాలి. సిలికా పూసిన ప్లేటు మీద చుక్క పెట్టి, కింద ద్రావకం పెడితే అది పైకి పాకుతుంది, ఒక్కో పదార్థం ఒక్కో ఎత్తులో ఆగిపోతుంది. టీఎల్‌సీ అంటే అంతే. హెచ్‌పీఎల్‌సీలో అదే పనిని పంపు పెట్టి, సన్నటి గొట్టంలో, గట్టి ఒత్తిడితో చేస్తారు. చెరిగి, జల్లించి, తేర్చి వేరుచెయ్యడం తెలిసిన జనానికి క్రొమటోగ్రఫీ అర్థం కాకుండా పోదు. అర్థం కానిది దాన్ని చెప్పే ఇంగ్లీషు. ఆ ఇంగ్లీషు ఆరు నెలల్లో వస్తుంది. క్లాసులో లేచి ప్రశ్న అడగండి, నవ్వేవాళ్లు నవ్వనీ.

ఇక ఫైటోకెమిస్ట్రీ ల్యాబ్. షాక్స్‌లెట్‌లో పొడి వేసి ద్రావకంతో రసం తీస్తారు, తర్వాత ద్రావకాన్ని ఆవిరి చేస్తారు. మేయర్ రీఏజెంట్ వేస్తే తెల్లగా, డ్రాజెన్‌డార్ఫ్ వేస్తే నారింజ రంగులో అడుగుకు దిగితే ఆల్కలాయిడ్స్ ఉన్నాయని రాసుకుంటారు. టేబుల్ మీద సీసాల లేబుళ్లు చూస్తే అన్నీ లాటిన్ పేర్లు. స్ట్రిక్నోస్ నక్స్‌వామికా అంటే మన ముషిణి గింజ. స్టెర్క్యులియా యూరెన్స్ అంటే తపసి చెట్టు. మనం గాటు పెట్టి తీసే తపసి జిగురును పుస్తకంలో గమ్ కరాయా అంటారు. కట్టుడు పళ్లు చిగుళ్లకు అంటుకోవడానికి వేసే పొడుల్లో, విరేచనం సాఫీగా అవ్వడానికి ఇచ్చే మందుల్లో దాన్ని వాడతారు. దాన్ని సేకరించిన మనిషికి జీసీసీ డిపోలోనో, సంతలోనో ఏం రేటు వచ్చిందో మీకు తెలుసు. మిగతా దారంతా, అంటే గ్రేడింగ్, శుద్ధి, ఎగుమతి, ఫార్ములేషన్, ఇవన్నీ మీరు ఎం.ఫార్మసీలో చదువుతారు. రేటు ఎక్కడ ఎంత పెరుగుతుందో చూడాలంటే ఆ దారి మొత్తం తెలిసినవాడు మనలో ఉండాలి.

పొడపత్రి ఆకు నమిలి చక్కెర నోట్లో వేసుకుంటే ఇసుకలా ఉంటుంది, తీపి తెలీదు. చిన్నప్పుడు ఈ ఆట ఆడినవాళ్లు ఇక్కడ ఉండే ఉంటారు. ఆ పని చేసేది జిమ్నెమిక్ ఆసిడ్స్. మధుమేహానికని ఆ ఆకు రసం పొడిని క్యాప్సూళ్లుగా చేసి ప్రపంచమంతా అమ్ముతున్నారు. సర్పగంధ వేరు నుంచి 1952లో సిబా కంపెనీ శాస్త్రవేత్తలు రిసర్పిన్ అనే పదార్థాన్ని విడదీశారు, బీపీ మందుల చరిత్రే మారింది. సర్పగంధ మన ఒక్కరి సొత్తు అని నేను అనను, ఆయుర్వేద గ్రంథాల్లో కూడా ఉంది. అలాంటి చోట మన వాటా ఇంత అని తేల్చడం కష్టం. తేల్చగలిగిన కేసు ఒకటి ఉంది. దాన్ని వివరంగా చెప్తాను, ఎందుకంటే మన సిలబస్‌లో అది కనపడదు. బి.ఫార్మసీ ఆరో సెమిస్టర్ హెర్బల్ డ్రగ్ టెక్నాలజీలో బయోపైరసీ అని చదువుకున్నారు కదా, అక్కడ ఉదాహరణలుగా పసుపు, వేప ఇచ్చారు. రెండూ మంచి కేసులే. పసుపు మీద అమెరికా పేటెంట్‌ను సీఎస్ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించింది. కానీ ఆ రెండు కథల్లో ఒక పక్క విదేశీయులు, ఇంకో పక్క భారతదేశం. దేశం లోపల, ల్యాబుకూ గూడేనికీ మధ్య ఏం జరుగుతుందో ఆ కథలు చెప్పవు.

ఆ కథ కేరళలోని కాణి ఆదివాసులది. 1987లో కొందరు శాస్త్రవేత్తలు మొక్కల సర్వే కోసం అగస్త్య కొండలు ఎక్కారు. దారి చూపించడానికి కాణి యువకులను తీసుకెళ్లారు. శాస్త్రవేత్తలు అలిసిపోతున్నారు, కాణి వాళ్లు మాత్రం మధ్యమధ్యలో ఏవో కాయలు తింటూ హాయిగా నడుస్తున్నారు. అవేంటని అడిగితే మొదట చెప్పలేదు. అది బయటివాళ్లకు చెప్పకూడని విషయం. బతిమాలితే చివరికి మొక్క చూపించారు. ఆరోగ్యపచ్చ. తిరువనంతపురం దగ్గరి ట్రాపికల్ బొటానిక్ గార్డెన్ సంస్థ దాని మీద ఏళ్లపాటు పని చేసి, ఇంకో మూడు మొక్కలు కలిపి 'జీవని' అనే బలం మందు తయారు చేసింది. 1995లో కోయంబత్తూరుకు చెందిన ఆర్య వైద్య ఫార్మసీకి ఏడేళ్లకు లైసెన్సు ఇచ్చింది. ఫీజు 10 లక్షలు, అమ్మకాల మీద 2 శాతం రాయల్టీ. అందులో సగం కాణి వాళ్లకు ఇస్తామన్నారు. 1997లో కాణి వాళ్ల పేరు మీద ట్రస్టు రిజిస్టర్ అయ్యింది, 1999లో మొదటి డబ్బు దాని ఖాతాలో పడింది.

జీవవైవిధ్య చట్టం రాకముందే ఇది జరిగింది. అందుకే దీన్ని ప్రపంచమంతా మంచి ఉదాహరణగా చెప్పుకున్నారు. నిజంగానే, ఏమీ ఇవ్వకుండా పట్టుకుపోయిన వేల సందర్భాలతో పోలిస్తే మంచిదే. కానీ దగ్గరికెళ్లి చూడండి. రహస్యం చెప్పింది కొందరు, జ్ఞానం తెగ మొత్తానిది. లైసెన్సు ఇచ్చే ముందు తెగ మొత్తాన్ని కూర్చోబెట్టి అడగలేదు. సంప్రదాయంగా వైద్యం చేసే పెద్దల్లో కొందరు దీన్ని ఒప్పుకోలేదు. ట్రస్టు వచ్చింది లైసెన్సు ఇచ్చిన తర్వాత. మందుకు ఆకు కావాలి, ఆకు అడవిలో ఉంటుంది, కోసి అమ్ముకుందామంటే అటవీ శాఖ అడ్డం పడింది. అంటే జ్ఞానం తీసుకోవడానికి అడ్డు లేదు, ఆకు అమ్ముకోవడానికి అడ్డు ఉంది! పైగా 'జీవని' పేరును అమెరికాలో ఒక కంపెనీ ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేసుకుంది. ఇక్కడివాళ్లు ముందుగా ఆ పని చెయ్యలేదు కాబట్టి అది వాళ్లకు సాధ్యమైంది. ఒక్కో మెలికలో ఒక్కో సబ్జెక్టు ఉంది, గమనించారా? పేటెంటు, ట్రేడ్‌మార్కు, లైసెన్సింగ్, ముడిసరుకు సరఫరా. రెగ్యులేటరీ అఫైర్స్, ఇండస్ట్రియల్ ఫార్మకాగ్నసీ చదివిన కాణి బిడ్డ ఒక్కరు అప్పుడు ఆ గదిలో ఉంటే ఒప్పంద కాగితం వేరేలా ఉండేదని నా నమ్మకం.

ఇక మూడో సెమిస్టర్. రీసెర్చ్ మెథడాలజీ పేపర్లో స్టాటిస్టిక్స్ పోను మిగిలింది చూడండి. వైద్య పరిశోధనలో నీతి మీద ఒక యూనిట్. ల్యాబ్‌లో ఎలుకలను, కుందేళ్లను ఎలా ఉంచాలన్న దాని మీద ఒక యూనిట్. వాటి గది, వాటి తిండి, వాటికి నొప్పి తెలియకుండా చెయ్యడం, అంతా వివరంగా ఉంటుంది. మంచిదే, ఉండాలి. హెల్సింకి డిక్లరేషన్ మీద ఇంకో యూనిట్. 1964లో ప్రపంచ వైద్యుల సంఘం చేసిన తీర్మానం అది. మనిషి మీద పరిశోధన చెయ్యాలంటే ఆ మనిషికి అర్థమయ్యేలా చెప్పాలి, ఇష్టపూర్వకంగా ఒప్పుకోవాలి, మైనర్ అయితే చట్టప్రకారం బాధ్యులైన వాళ్లు ఒప్పుకోవాలి అంటుంది. మనం దాన్ని పది మార్కుల ప్రశ్నగా చదువుతాం. ఫిన్లాండ్‌లో ఒక ఊరు, ఒక సంవత్సరం, కొన్ని పాయింట్లు. అది మన ఇంటి విషయమని ఎవరూ చెప్పరు.

2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు అది. సుమారు 14,000 మంది పిల్లలు. చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండే మన పిల్లలు. దీనికి డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు అని పేరు పెట్టారు. తర్వాత కొందరు పిల్లల మరణాల వార్తలు వచ్చాయి, మహిళా సంఘాలు, ఆరోగ్య కార్యకర్తలు గొంతెత్తారు, 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. ప్రభుత్వం వేసిన విచారణ కమిటీ ఆ మరణాలకు టీకాతో సంబంధం లేదని చెప్పింది. కానీ సమ్మతి పత్రాలు తీసి చూస్తే ఏం బయటపడింది? పరిశీలించిన 9,543 పత్రాల్లో 1,948 వేలిముద్రలతో ఉన్నాయి. 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఈ వ్యవహారం మొత్తాన్ని గట్టిగా తప్పుపట్టింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే ఈ విషయం ఎత్తగానే కొందరు టీకాలే వద్దు అనేదాకా పోతారు. హెచ్‌పీవీ టీకా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపుతుంది, దానికి బలమైన ఆధారం ఉంది. మన ఆడపిల్లలకు అది అందాలి. నా పేచీ టీకాతో లేదు. అమ్మానాన్న బతికి ఉండగా, నడిచి వెళ్లగలిగే దూరంలో ఉండగా, వార్డెన్ సంతకం ఎలా సరిపోయింది అన్నదానితో ఉంది. ఆ తల్లి కోయలో అడుగుతుంది, కాగితం ఆ భాషలో లేదు. హాస్టల్లో చదివిన మీకు తెలుసు కదా, వార్డెన్ ముందు మన అమ్మానాన్నలు ఎలా చేతులు కట్టుకుని నిలబడతారో. ఆ నిలబడటాన్ని సమ్మతి అనరు.

అందుకే ఫార్మకాలజీ బ్రాంచీలో క్లినికల్ రీసెర్చ్, ఫార్మకోవిజిలెన్స్ పేపరు, ఫార్మసీ ప్రాక్టీస్‌లో క్లినికల్ రీసెర్చ్ పేపరు చదివేటప్పుడు వాటిని బట్టీ పట్టకండి. ఎథిక్స్ కమిటీలో ఎవరెవరు ఉండాలి, సమ్మతి పత్రంలో ఏమేం రాయాలి, చదువు రానివాళ్ల విషయంలో సాక్షి ఎవరు ఉండాలి, మందు వికటిస్తే ఎవరికి రిపోర్టు చెయ్యాలి. ఇవి రేపు మీ మండలంలో ఏదైనా ట్రయల్ వస్తే పీహెచ్‌సీ ముందు నిలబడి మీరు అడగాల్సిన ప్రశ్నలు. అప్పుడు అడగడానికి 14,000 ఇళ్లలో ఈ చదువు చదివిన మనిషి లేకపోయాడు. ఇప్పుడు మీరున్నారు.

ఇక థీసిస్ సంగతి. ఇది కొంచెం ఇబ్బందైన విషయం, అయినా మన మధ్య మాట్లాడుకోవాలి.

ఫార్మకాగ్నసీలోనో, ఫార్మకాలజీలోనో చేరిన ఆదివాసీ విద్యార్థిని చూడగానే గైడ్ అనే మాట ఏంటి? "మీ ఏరియాలో మంచి మొక్కలుంటాయి కదా, ఏదైనా పట్టుకురా." మనకు కూడా అది సులువు. తాతను అడిగితే చెప్తాడు, చూపిస్తాడు, తవ్వి ఇస్తాడు కూడా. మనం హెర్బేరియం షీటు చేసి, బోటనీ సారుతో గుర్తింపు సర్టిఫికెట్ తీసుకుని, వోచర్ నంబరు వేయించుకుని పని మొదలుపెడతాం. థీసిస్‌లో ఏమని రాస్తాం? "స్థానిక గిరిజనులు ఈ మొక్కను కీళ్ల నొప్పులకు వాడతారు" అని ఒక వాక్యం. కృతజ్ఞతల పేజీలో గైడు, హెచ్‌వోడీ, ప్రిన్సిపాల్, యాజమాన్యం, ఫ్రెండ్స్ అందరి పేర్లూ ఉంటాయి. తాత పేరు ఉండదు. తర్వాత జర్నల్లో పేపరు వస్తుంది. ఒక్కసారి అచ్చయ్యాక అది అందరిదీ. ఏ కంపెనీ అయినా చదువుకోవచ్చు, అందులోంచి ఒక పదార్థాన్ని తీసి కొత్త ఫార్ములా కట్టుకోవచ్చు.

చట్టం ఏమంటుంది? భారత పౌరుడు చదువు కోసం చేసే పరిశోధనకు 2002 జీవవైవిధ్య చట్టం కింద ముందస్తు అనుమతి అక్కర్లేదు. పేటెంటుకు వెళ్తే మాత్రం చెన్నైలోని నేషనల్ బయోడైవర్సిటీ అథారిటీ గడప తొక్కాలి. వ్యాపారానికి వాడే కంపెనీలు లాభంలో వాటా ఇవ్వాలని ఆ చట్టంలో ఉంది. భారతీయ కంపెనీలకు కూడా ఇది వర్తిస్తుందని 2018లో దివ్య ఫార్మసీ కేసులో ఉత్తరాఖండ్ హైకోర్టు చెప్పింది. కానీ 2023లో చట్టాన్ని సవరించి, గ్రంథాల్లో రాసి ఉన్న సంప్రదాయ జ్ఞానానికి, ఆయుష్ వైద్యులకు మినహాయింపు ఇచ్చారు. నేరాలుగా ఉన్నవాటిని జరిమానాలుగా మార్చారు. మన జ్ఞానం గ్రంథాల్లో లేదు, నోటి మాటల్లో ఉంది. కాబట్టి అది ఆ మినహాయింపులోకి రాకూడదు. కానీ గూడెంలో వాడే మొక్క పేరు ఏదో ఒక పాత గ్రంథంలో కూడా ఉందంటే కంపెనీ ఏ వైపు లాగుతుందో మీరే ఆలోచించండి.

మన చేతిలో ఇంకో చట్టం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(కె). జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద, మేధో సంపత్తి మీద సామూహిక హక్కు గుర్తించిన సెక్షన్ అది. పోడు పట్టాల హోరులో ఆ సెక్షన్ గురించి మనం కూడా మాట్లాడుకోలేదు. పట్టా కోసం గ్రామసభ పెట్టాం. మందు మొక్క కోసం ఎప్పుడైనా పెట్టామా?

కాబట్టి నేను అడిగేది ఇది. థీసిస్ చెయ్యొద్దని కాదు, తప్పకుండా చెయ్యండి. మన మొక్క మీద బయటివాళ్లు చేసే కంటే మనం చేస్తేనే మంచిది. కానీ మొక్క పీకేముందు గూడెంలో కూర్చుని చెప్పండి. ఏం చేస్తారు, ఎక్కడ అచ్చేస్తారు, అచ్చయితే ఏమవుతుంది, మొత్తం మన భాషలోనే. కాదంటే వదిలెయ్యండి, అడవిలో వేరే మొక్కలు లేవా? ఒప్పుకుంటే తీర్మానం రాయించి థీసిస్ వెనుక జత చెయ్యండి. చెప్పిన పెద్దాయన ఇష్టపడితే పేరు రాయండి. ఏ భాగం, ఏ పాళ్లలో, దేనితో కలిపి ఇస్తారో ఆ రహస్యం అచ్చు వెయ్యాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు. మీ గ్రామ పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉండాలి, దాని దగ్గర ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. ఉందో లేదో, ఉంటే ఎవరు రాశారో, ఎవరిని అడిగి రాశారో వెళ్లి చూడండి. బయటి ఏజెన్సీవాళ్లు రెండు రోజుల్లో నింపేసిన రిజిస్టర్ అయితే ఎం.ఫార్మసీ చదివిన వాళ్లు కూర్చుని సరిచెయ్యగలరు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. మన మందులన్నీ మంచివే, పరీక్షలు అక్కర్లేదు అనేవాళ్లతో నేను ఏకీభవించను. అడవినాభి దుంపలో కాల్చిసిన్ ఉంటుంది. గౌట్ నొప్పికి అది మందు, కొంచెం ఎక్కువైతే మనిషి చనిపోతాడు. ముషిణి గింజలో స్ట్రిక్నిన్. నల్లజీడి తాకితేనే ఒళ్లు పొక్కులెక్కుతుంది. మన పెద్దలకు శుద్ధి చేసే పద్ధతులు తెలుసు. వాళ్లతో పాటు ఆ పద్ధతులు పోతున్నాయి, మొక్క పేరు మాత్రమే మిగులుతోంది. పేరు తెలిసి పద్ధతి తెలియని వైద్యం ప్రమాదం. అలాగే ల్యాబ్ చెప్పిందే వేదమూ కాదు. తాత ఇచ్చేది నీళ్ల కషాయం, మనం ల్యాబ్‌లో తీసేది మెథనాల్ రసం. రెండింట్లోకి దిగే పదార్థాలు వేరు. మెథనాల్ రసం పని చెయ్యలేదని తాత అబద్ధమాడాడని రాయకూడదు, పని చేసిందని తాత కషాయం సురక్షితమని కూడా రాయకూడదు. తాత ఎలా చేస్తాడో అలాగే కషాయం కాచి దాన్ని కూడా పరీక్షకు పెట్టండి. గైడ్ ఒప్పుకోకపోతే కారణం చెప్పి అడగండి, ఇది శాస్త్రీయమైన ప్రశ్నే.

బ్రాంచీ మాట చెప్తానన్నాను. నా ఉద్దేశంలో మనోళ్లు ఇంకా ఎక్కువమంది ఫార్మసీ ప్రాక్టీస్‌లోకి, ఫార్మకాలజీలోకి, రెగ్యులేటరీలోకి రావాలి. ఒక్క ఉదాహరణ చెప్తాను. వైవాక్స్ మలేరియా మళ్లీ తిరగబెట్టకుండా 14 రోజులు ప్రైమాక్విన్ ఇస్తారు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకు ఆ మందు ఇస్తే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి, మూత్రం నల్లగా వస్తుంది. ఆ లోపం పుట్టుకతో వచ్చేది, మలేరియా ఎక్కువగా ఉండే ప్రాంతాల జనంలో ఎక్కువగా కనపడుతుంది. మందు ఇచ్చేముందు ఆ పరీక్ష జరిగిందా? మూత్రం రంగు మారితే మాత్ర ఆపమని ఆ తల్లికి ఆమె భాషలో చెప్పిన వాళ్లున్నారా? సికిల్ సెల్‌కు ఇచ్చే హైడ్రాక్సీయూరియా సంగతీ అంతే. 2023లో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది, కార్డులు ఇస్తున్నారు. కానీ ఆ మందు వాడేవాళ్లకు తరచూ రక్త పరీక్ష చేసి మోతాదు సరిచూడాలి. ఫార్మకోథెరాప్యూటిక్స్ పేపర్లో ఇదంతా ఉంటుంది. కొండ మీద గూడేనికి దాన్ని మోసుకెళ్లే మనిషి కావాలి. ఈ బ్రాంచీలకు మన ఏజెన్సీలో ప్రభుత్వ ఉద్యోగాలు తగినన్ని లేవు, అది నిజం. పీహెచ్‌సీలో, ఏరియా ఆసుపత్రిలో క్లినికల్ ఫార్మసిస్టు పోస్టు పెట్టమని అడగడం మన ఉద్యమం డిమాండ్లలో ఉండాలని నేను చాలాకాలంగా అంటున్నాను, ఇక్కడ మళ్లీ అంటున్నాను.

డబ్బు సంగతి తొందరగా చెప్పేస్తాను. జీప్యాట్ పరీక్ష రాయండి. ఇప్పుడు ఎన్‌బీఈఎంఎస్ పెడుతోంది. అందులో అర్హత సాధించి ఎం.ఫార్మసీలో చేరితే ఏఐసీటీఈ నెలకు 12,400 రూపాయలు, 24 నెలలపాటు ఇస్తుంది. కానీ మీరు చేరే కాలేజీ ఆ స్కీములో ఉందో లేదో సీటు తీసుకునే ముందే కనుక్కోండి. ఆ డబ్బు తీసుకుంటూ వేరే స్కాలర్‌షిప్ తీసుకోవడానికి ఉండదు. జీప్యాట్ రాకపోతే పీజీఈసెట్ ఉంది. తెలంగాణలో ఎస్టీ రిజర్వేషన్ 2022 నుంచి 10 శాతం, ఆంధ్రలో 6 శాతం. ఫీజు రీయింబర్స్‌మెంట్ రూల్స్ రెండు రాష్ట్రాల్లో వేరువేరు, ఏటా చూసుకోవాలి. మేనేజ్‌మెంట్ కోటాలో సీటు ఇప్పిస్తామని ఫోన్ చేసే ఏజెంట్ల మాట మాత్రం వినకండి. తర్వాత పీహెచ్‌డీ చెయ్యాలనుకుంటే ఎస్టీ విద్యార్థులకు ఏటా 750 నేషనల్ ఫెలోషిప్‌లు ఉన్నాయి. ఎం.ఫార్మసీ మార్కులే అక్కడ లెక్క. మొదటి సెమిస్టర్‌ను తేలిగ్గా తీసుకోవద్దని అందుకే అంటున్నాను. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ ఇప్పుడే తీసి పెట్టుకోండి, కౌన్సెలింగ్ ముందు రోజు తహశీల్దార్ ఆఫీసు చుట్టూ తిరగకండి.

ఇప్పుడు చదువుతున్న వాళ్లకు ఒక పని. ప్రతి సెమిస్టర్‌లో సెమినార్ ఇవ్వాలి కదా, ఈసారి ఒకరు కాణి కేసు తీసుకోండి, ఇంకొకరు ఖమ్మం టీకా ప్రాజెక్టు తీసుకోండి. పార్లమెంటు నివేదిక ఎవరైనా చదువుకోవచ్చు. క్లాసులో ఇరవై మంది, ఇద్దరు సార్లు వింటారు, చాలు. మూడో సెమిస్టర్‌లో ఉన్నవాళ్లు సినాప్సిస్ రెడీ అయ్యాక, కాలేజీలో ఇచ్చే ముందు గూడెంలో ఒక సాయంత్రం చదివి వినిపించండి. వాళ్లు అడిగే ప్రశ్నలు రాసుకుని రండి, వచ్చే సమావేశంలో వాటి మీదే మాట్లాడుకుందాం.